చిలీ దేశపు గని పట్టణాలు – జనజీవనం

దక్షిణ అమెరికా పటాన్ని ముందు పెట్టుకొని చూస్తే, పశ్చిమ తీరం వెంబడి చీర అంచువలె సన్నగా, పొడవుగా కనిపించే దేశం చిలీ. ఉత్తర దక్షిణాలుగా దాని పొడవు సుమారు 4,300 కిలోమీటర్లు. సగటు వెడల్పు మాత్రం 180 కిలోమీటర్లకు మించదు. మన లెక్కలో చెప్పాలంటే హైదరాబాదు నుండి ఖమ్మం వెళ్ళేటంత దూరంలో ఇంచుమించు దేశం ఈ చివరి నుండి ఆ చివరికి దాటవచ్చును. తూర్పున ఆండీస్ పర్వత శ్రేణి, పడమట పసిఫిక్ మహాసముద్రం, ఉత్తరాన వాన ఎరుగని అటకామా ఎడారి, దక్షిణాన మంచుగడ్డల సీమ. ఈ నాలుగింటి నడుమ నివసించే జనాభా రెండు కోట్లకు కొంచెం తక్కువ.

ఈ శీర్షికలో దేశదేశాల ఊళ్ళను గురించి ముచ్చటించుకొనేటప్పుడు రాజధానులను, కోటలను వర్ణించడం మాకు అలవాటు లేదు. జనం నివసించే వీధులే మనకు ముఖ్యం. ఈ మాసం చిలీని ఎంచుకొనడానికి ఒక కారణం ఉన్నది. ప్రపంచంలో గనుల నుండి వెలువడే రాగిలో దాదాపు నాలుగవ వంతు ఈ ఒక్క దేశానిదే. అంతకు పూర్వం నైట్రేటు ఎరువు, దక్షిణాన బొగ్గు. ఆ ఖనిజాల కొరకు కంపెనీలు ఎడారిలోను, కొండ కొమ్మున, సముద్రపు ఒడ్డున ఊళ్ళు కట్టినవి. ఇల్లు కంపెనీది, దీపం కంపెనీది, ఆసుపత్రి కంపెనీది. మన టౌన్‌షిప్‌లో ఉంటున్న వారికి ఈ వర్ణన క్రొత్త కాదు. అటువంటి ఊరిలో నిజంగా ఏది కంపెనీ సొత్తు, ఏది మనుష్యుల సొత్తు? పని ఆగిపోయిన నాడు ఏది పోతుంది, ఏది మిగులుతుంది? చిలీ పట్టణాలు ఈ ప్రశ్నను మనకంటె ముందే ఎదుర్కొన్నవి.

సామాన్యపు ఊరి సంగతి

గని పట్టణాలకు పోయే ముందు, చిలీలో మామూలు ఊరు ఎట్లా ఉంటుందో ఒక మాట చెప్పుకొందాము. స్పెయిన్ వారి కాలం నుండి వస్తున్న పద్ధతి ప్రకారం ఊరి నడుమ ఒక చతురస్రపు మైదానం ఉంటుంది. దానిని ‘ప్లాసా’ అంటారు. చెట్లు, బల్లలు, ఒక ప్రక్క చర్చి, మరొక ప్రక్క పురపాలక భవనం. సాయంత్రం వృద్ధులు, పిల్లలు, ఊసుపోని వారు అందరూ అక్కడ చేరుతారు. వారంలో ఒకటి రెండు రోజులు వీధి సంత జరుగుతుంది. మన రైతుబజారులో వలెనే బేరాలు, పలకరింపులు, ఇంటి సంగతులు అన్నీ అక్కడ నడుస్తాయి.

సాయంకాలపు ఫలహారానికి వారు పెట్టుకున్న పేరు ‘ఓన్సే’. ఆ మాటకు పదకొండు అని అర్థం. టీ, రొట్టె, అవకాడో పండు గుజ్జు, జున్ను – ఇంతే. చాలా ఇండ్లలో రాత్రి భోజనం కూడా ఇదే. ఈ పేరు ఎట్లా వచ్చినదో ఒక చమత్కారపు కథ చెబుతారు. నైట్రేటు గనుల కార్మికులు సారాయిని పేరుపెట్టి అడుగలేక, ‘అగ్వార్దియెంతే’ అనే ఆ మాటలోని అక్షరాలు పదకొండు కనుక, ‘పదకొండు తీసుకొందామా’ అనేవారట. కథ నిజమైనా కాకపోయినా ఆ దేశంలో అలవాట్లకు మూలం వెదికితే దారి గనులవైపు పోతుందని దీనివలన తెలుస్తున్నది.

అన్నింటికంటె మాకు ఆశ్చర్యం కలిగించినది వారి అగ్నిమాపక దళం. 1851 జూన్ 30న వాల్పరాయిసో రేవుపట్టణంలో మొదటి దళం ఏర్పడినది. నాటి నుండి నేటి వరకు ఆ దేశమంతటా మంటలార్పే వారు జీతం తీసుకోరు. వైద్యుడు, తాపీమేస్త్రీ, బ్యాంకు గుమాస్తా – ఎవరి వృత్తి వారిదే. గంట మ్రోగితే అందరూ శిరస్త్రాణం పెట్టుకొని పరుగెత్తుతారు. పైగా సభ్యులే నెలనెలా చందా కడతారు. మంట ఆర్పడం ప్రభుత్వపు పని కదా అని ఎవరూ ఊరకుండరు. ఈ స్వభావాన్ని పాఠకులు మనసులో ఉంచుకొంటే తరువాత చెప్పబోయే సంగతులు సులభంగా అర్థమవుతాయి.

ఎడారిలో ఉప్పు ఊళ్ళు

‘చిలీ సురేకారం’ అనే మాటను రసాయన శాస్త్రం పుస్తకంలో చదువుకొనని వారు మనలో తక్కువ. సోడియం నైట్రేటుకు అది వ్యవహార నామం. పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగం వరకు ప్రపంచానికి తుపాకిమందు కొరకు సురేకారం పంపినది ముఖ్యంగా మన బీహారు ప్రాంతమే. తరువాత ఆ స్థానం క్రమంగా అటకామా ఎడారికి దక్కినది. వాన లేనందువలన అక్కడి నేల పైపొరలోని లవణాలు కరిగి కొట్టుకొని పోలేదు. ఆ పొర పేరు ‘కలీచే’. 1879లో మొదలైన యుద్ధంలో పెరూ, బొలీవియాలను ఓడించి చిలీ ఈ భూములను స్వాధీనం చేసుకొన్నది.

తయారీ విధానం తేలికగా గ్రహించదగినదే. కలీచే రాళ్ళను నలగగొట్టి, ఆవిరితో వేడెక్కించిన నీటి తొట్లలో కరిగిస్తారు. వేడి నీటిలో నైట్రేటు చాలా ఎక్కువగా కరుగుతుంది. మామూలు ఉప్పు మాత్రం నీరు వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా ఇంచుమించు అంతే కరుగుతుంది. కనుక ద్రావణం చల్లారినప్పుడు నైట్రేటు స్ఫటికాలుగా విడిపోతుంది. ఈ షాంక్స్ విధానాన్ని నైట్రేటు పరిశ్రమలో ప్రవేశపెట్టిన ఇంగ్లీషు రసాయన ఇంజనీరు జేమ్స్ హంబర్‌స్టోన్. 1872లో ‘లా పాల్మా’ అనే పేరుతో వెలసిన ఒక ఊరికి తరువాతి కాలంలో ఆయన పేరే పెట్టారు. ఈ ఊళ్ళను అక్కడ ‘ఒఫిసీనా’ అనేవారు. ఆఫీసు అని ఆ మాటకు అర్థం. ఊరికి ఆఫీసు అనే పేరు పెట్టడంలోనే దాని సంగతంతా ఉన్నది.

ఇకికే రేవుకు తూర్పున సుమారు 48 కిలోమీటర్ల దూరంలో నేడు హంబర్‌స్టోన్ నిర్మానుష్యంగా నిలిచి ఉన్నది. వరుస ఇండ్లు, నాటకశాల, హోటలు, బజారు, పాఠశాల, చర్చి, బాస్కెట్‌బాల్ మైదానం. ఇనుప రేకులతో చేసిన ఈతకొలను కూడా ఒకటి ఉన్నది. సముద్రంలో పాడైన ఓడ రేకులతో దానిని చేశారని చెబుతారు. చుక్క వాన పడని చోట, దుమ్ముతో తిరిగి వచ్చిన కార్మికుల పిల్లలు ఈదులాడిన కొలను అది.

ఈ సౌకర్యాలు చాలావరకు 1930 దశకంలో వచ్చినవి. అంతకు ముందు కథ వేరు. కూలి నాణేలలో ఇచ్చేవారు కారు. కంపెనీ ముద్రించిన బిళ్ళలు ఇచ్చేవారు. ఆ బిళ్ళ ఆ కంపెనీ దుకాణంలో తప్ప మరెక్కడా చెల్లదు. బియ్యం, పప్పు, బట్ట ఏది కొన్నా అక్కడే, వారు చెప్పిన ధరకే. 1907 డిసెంబరులో వేలాది కార్మికులు భార్యాబిడ్డలతో ఎడారి దాటి ఇకికే చేరుకున్నారు. బిళ్ళలను పూర్తి విలువకు మార్చాలని, కూలి విలువ పడిపోకుండా చూడాలని, తూకాలు సరిగా ఉండాలని వారు కోరారు. సాంతా మరియా పాఠశాలలో బస చేశారు. డిసెంబరు 21న జనరల్ సిల్వా రెనార్డ్ ఆజ్ఞపై సైన్యం వారిపై కాల్పులు జరిపినది. మృతుల సంఖ్య నేటికీ తేలలేదు. కొందరు వందలలో చెబుతారు, కొందరు రెండు వేలు దాటినదంటారు. 1970లో వెలువడిన ‘సాంతా మరియా దె ఇకికే’ అనే సంగీత రూపకం వలన ఆ దినం దేశమంతటికీ స్మరణీయమైనది. నెల జీతం చేతికి అందడం ఎంత సహజమో అనుకొనే మన తరం వారు, ఆ సహజత్వం వెనుక ఎటువంటి చరిత్ర ఉన్నదో తెలిసికొనుట మంచిది.

ఈ ఊళ్ళను మూసినది యుద్ధం కాదు, సమ్మె కాదు. ఒక ప్రయోగశాల. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చు విధానం కనుగొన్నాడు. కార్ల్ బోష్ దానిని కర్మాగారపు స్థాయికి తెచ్చాడు. 1913లో ఒప్పావ్‌లో ఉత్పత్తి మొదలైనది. గాలి నుండి ఎరువు వచ్చునప్పుడు ఎడారి నుండి ఓడలలో తెచ్చే అవసరం ఏమున్నది? 1930 నాటి ఆర్థిక మాంద్యంతో పరిశ్రమ నడుము విరిగినది. హంబర్‌స్టోన్ 1960లో మూతపడినది. నైట్రేటు ఊళ్ళలో నేటికీ జనం నివసిస్తున్నది మరియా ఎలేనా ఒక్కటే.

అయితే ఆ ఊళ్ళలో పుట్టినవన్నీ ఊళ్ళతో పోలేదు. ఆ పీఠభూమిలో ‘లా తిరానా’ అనే చిన్న గ్రామం ఉన్నది. ఏటా జూలై 16న కార్మెల్ మాత ఉత్సవం. ఆ వారంలో లక్షల జనం చేరుతారు. దయ్యపు ముసుగులు తొడిగి, ఇత్తడి బాజాల హోరులో రాత్రింబవళ్ళు నృత్యం చేస్తారు. ఈ నృత్య బృందాలలో అనేకం ఒకప్పుడు నైట్రేటు ఊళ్ళ కార్మికులు కూడి ఏర్పరచుకున్నవి. ఊళ్ళు మూతపడగా జనం ఇకికేకు, అంటోఫగాస్టాకు వలసపోయారు. బృందాలు మాత్రం చెదరలేదు. పట్టణపు వాడలలో మళ్ళీ కూడినవి. తాత వేసిన వేషం మనుమడు వేస్తున్నాడు.

నవంబరు 1న మరొక దృశ్యం. సమస్త పుణ్యాత్ముల పండుగనాడు వందల కుటుంబాలు ఎడారిలోని పాడుపడిన శ్మశానాలకు బయలుదేరుతాయి. అక్కడ తాజా పూవు దొరకదు. అందువలన పూర్వం నుండి తగరపు రేకులతోను, కాగితంతోను పూలదండలు చేసి సమాధులకు వేలాడదీసే ఆచారం ఏర్పడినది. ఊరు లేదు, వీధి లేదు, కాని తమ వారి పేరు వ్రాసిన కొయ్య శిలువ ఉన్నది. దానికి రంగు వేసి, దుమ్ము తుడిచి, అక్కడే అన్నం తిని వస్తారు.

చక్రం లేని ఊరు

మధ్య చిలీలో రంకాగువా పట్టణానికి ఎగువన ఆండీస్ కొండలలో ‘ఎల్ తెనియెంతే’ రాగి గని ఉన్నది. భూగర్భంలో మూడు వేల కిలోమీటర్లకు పైగా సొరంగాలు గల ఈ గని, ఆ రకపు రాగి గనులలో ప్రపంచంలోనే పెద్దది. 1905లో అమెరికన్ కంపెనీ ఒకటి పని ప్రారంభించినప్పుడు కార్మికుల కొరకు రెండు వేల మీటర్ల ఎత్తున, నిటారైన కొండవాలున సేవెల్ అనే ఊరు కట్టారు. చదునైన చోటు లేదు కనుక రోడ్డు లేదు. ఊరి వెన్నెముక ఒక పెద్ద మెట్ల దారి. దాని నుండి కొమ్మలవలె చిన్న మెట్లు. నాలుగైదు అంతస్తుల కొయ్య భవనాలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. జనాభా ఒక దశలో 15,000 చేరినది. ఒక్క వాహనం లేదు. బియ్యపు బస్తా అయినా, పియానో అయినా, పురిటి నొప్పుల స్త్రీ అయినా మెట్ల మీదుగానే. పిల్లలు భయం లేకుండా ఊరంతా ఆడుకొన్నారని అక్కడ పెరిగిన వారు నేటికీ చెప్పుకొంటారు.

కంపెనీ మద్యపానాన్ని నిషేధించినది. కనుక మంచులో కొండదారుల వెంట కంచరగాడిదలపై సారాయి మోసుకొని వచ్చే దొంగవర్తకులు బయలుదేరారు. నిషేధం ఉన్నచోట ఈ వృత్తి పుట్టడం దేశకాలాలతో నిమిత్తం లేని సంగతి.

1945 జూన్ 19న గనిలో మంటలు పుట్టి, పొగ సొరంగాలలో వ్యాపించినది. కార్బన్ మోనాక్సైడు వలన 355 మంది ప్రాణాలు కోల్పోయారు. దేశంలో గని భద్రతను గురించిన ఆలోచన ఆ దుర్ఘటనతో మారినది. భద్రతా విభాగాలు, తప్పించుకొనే దారులు, సూచిక గుర్తులు అన్నీ కట్టుదిట్టమైనవి. 2010 ఆగస్టు 5న ఉత్తరాన కోపియాపో దగ్గర సాన్ హోసే గనిలో 33 మంది చిక్కుకొన్నప్పుడు, వారిని పైకి తెచ్చే పనికి ప్రభుత్వం నియమించిన ఇంజనీరు ఆండ్రే సుగరెట్ ఈ ఎల్ తెనియెంతే గని అధికారియే. ఒక ప్రభుత్వరంగ సంస్థ ఉద్యోగి ఒక ప్రైవేటు గనిలో చిక్కిన వారిని 69 రోజుల తరువాత, సుమారు 700 మీటర్ల లోతు నుండి, ఇనుప గొట్టంలో ఒక్కొక్కరినే పైకి తెప్పించాడు. ఆ 69 రోజులు గని వాకిట కుటుంబాలు గుడారాలు వేసికొని ఉన్నవి. దానికి ‘ఆశా శిబిరం’ అని పేరు పెట్టుకొన్నారు. వంటశాల, పిల్లలకు బడి, ప్రార్థనా స్థలం తామే ఏర్పరచుకొన్నారు. కంపెనీ కట్టని ఊరు అది. ఎదురుచూపు కట్టిన ఊరు. అయినా భద్రత ఒకసారి సాధించి దాచుకొనే వస్తువు కాదు. 2025 జూలై 31న ఎల్ తెనియెంతేలోనే భూకంపనతో సొరంగం కూలి ఆరుగురు మరణించారు.

సేవెల్ జనాన్ని 1960 దశకం చివరి నుండి క్రిందనున్న రంకాగువాకు తరలించారు. రోడ్డు వచ్చిన తరువాత కార్మికులను బస్సులలో పైకి తేవడం కంపెనీకి చౌక. ఖాళీ అయిన ఊరిలో సగం కూల్చివేశారు. మిగిలినదానిని కాపాడవలెనని తరువాత తోచినది. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది.

ఉమ్మడి పొయ్యిల లోటా

దక్షిణాన కన్సెప్సియోన్ నగరానికి సమీపంలో సముద్రతీరాన లోటా ఉన్నది. 1852లో మతియాస్ కుసీన్యో అక్కడ బొగ్గు కంపెనీ స్థాపించాడు. బొగ్గు పొరలు సముద్రగర్భం క్రిందకు సాగినవి. నెత్తిన కొండ, దానిపై సముద్రం, క్రింద మనిషి. బాల్యంలో ఈ జీవితాన్ని చూచిన బల్దొమేరో లిల్యో 1904లో ‘సుబ్ తెర్రా’ అనే కథల సంపుటి వెలువరించాడు. నేల క్రింద అని దానికి అర్థం. చిలీ సాహిత్యంలో గని కార్మికుడు కథానాయకుడైనది ఆ పుస్తకంతోనే.

ఇంజనీరు వృత్తిలోని వారికి లోటాలో మరొక ఆకర్షణ ఉన్నది. గనులకు కరెంటు ఇవ్వడానికి 1897లో చివిలింగో వద్ద జలవిద్యుత్ కేంద్రం నిర్మించారు. చిలీలో అదే మొదటిది. మన దేశంలో శివసముద్రం జలవిద్యుత్ కేంద్రం 1902లో కోలారు బంగారు గనుల కొరకు వెలసినది. భూమికి ఇటువైపు, అటువైపు ఇంచుమించు ఒకే కాలంలో నీరు గనికి వెలుగైనది.

లోటా రెండు భాగాలు. కొండపైన ఉన్నది కంపెనీ ఊరు – పొడవాటి కొయ్య లైన్లు, దొరల భవంతి, సుందరమైన ఉద్యానవనం. క్రింద సముద్రమట్టాన ఉన్నది జనం తామే కట్టుకున్న ఊరు – బజారు, చేపల దుకాణాలు, మద్యశాలలు. లైన్లలో ఒక్కొక్క కుటుంబానికి రెండు గదులు. ఒక షిఫ్టువాడు లేచి పోగానే మరొక షిఫ్టువాడు అదే మంచంపై పడుకొనేవాడు. ‘వెచ్చని మంచం’ అని దానికి పేరు. ఇంట్లో రొట్టె కాల్చుకొనే పొయ్యి లేదు. కొన్ని ఇండ్లకు కలిపి ఆరుబయట ఇటుకలతో కట్టిన గుమ్మటపు పొయ్యి ఒకటి. స్త్రీలు పిండి పళ్ళెం తలపై పెట్టుకొని వంతులవారీగా వచ్చేవారు. వారి సంగతులన్నీ అక్కడే తెలిసేవి. ఎవరి భర్తకు దెబ్బ తగిలినది, ఎవరి ఇంట పాలు లేవు, సమ్మె ఎన్నాళ్ళు సాగుతుంది – ఇవన్నీ పొయ్యి దగ్గరే తేలేవి. బట్టలుతికే తొట్లు కూడా ఉమ్మడివే.

ప్రభుత్వరంగ సంస్థ ‘ఎనాకార్’ చేతిలో ఉండగా, నష్టాల కారణంగా 1997 ఏప్రిల్‌లో లోటా గని మూతపడినది. కొందరికి ప్రత్యేక పింఛను ఇచ్చారు. మిగిలిన వారికి కొత్త వృత్తులలో శిక్షణ అన్నారు. ఇరవై ఏండ్లు బొగ్గు కొట్టిన చేతికి కొద్ది నెలల తరగతిలో మరొక విద్య అబ్బడం ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. ఊరు చాలా ఏండ్లు నిరుద్యోగంతో బాధపడినది. కాని ఇక్కడ ఎవరినీ ఎక్కడికీ తరలించలేదు. జనం ఉండిపోయారు. కొందరు మాజీ కార్మికులు దీపపు టోపీ పెట్టుకొని సందర్శకులకు పాత గని చూపించారు. ఉమ్మడి పొయ్యి రొట్టె ‘లోటా రొట్టె’ అనే పేరుతో అమ్మకానికి వచ్చినది. పని పోయినా ఊరు మిగిలినది. ఊరు మిగిలినంత మాత్రాన ఇంట దీపం వెలగదన్నదీ అంతే నిజం.

చుకికమాటా

మన సంస్థ ఉద్యోగులకు అన్నింటికంటె దగ్గరగా తోచేది ఈ కథ. ఉత్తర ఎడారిలో, 2,800 మీటర్లకు పైబడిన ఎత్తున, చుకికమాటా ఓపెన్‌కాస్ట్ రాగి గని ఉన్నది. గొయ్యి పొడవు నాలుగు కిలోమీటర్లకు పైగా, వెడల్పు సుమారు మూడు, లోతు కిలోమీటరుకు దగ్గర. అడుగున తిరిగే బృహత్తర ట్రక్కులు పైనుండి చీమలవలె కనిపిస్తాయి. 1915 మే 18న అమెరికన్ యాజమాన్యంలో ఆధునిక ఉత్పత్తి మొదలైనది. దానితోపాటే ఊరు. అమెరికన్ అధికారులకు వేరు వాడ, కార్మికులకు వేరు వాడ. హోదానుబట్టి ఇంటి తరగతి. క్వార్టరు టైపును బట్టి మనిషిని గుర్తించే అలవాటు మన సొత్తేమీ కాదని దీనివలన గ్రహించవచ్చును.

1971 జూలై 11న చిలీ పార్లమెంటు ఏకగ్రీవంగా పెద్ద రాగి గనులను జాతీయం చేసినది. అధ్యక్షుడు సాల్వదోర్ అయెందే ఆ దినాన్ని జాతీయ గౌరవ దినంగా ప్రకటించాడు. 1976లో కోడెల్కో అనే ప్రభుత్వరంగ సంస్థ ఏర్పడినది. 1973 తరువాత వచ్చిన సైనిక ప్రభుత్వం ఎన్నో సంస్థలను ప్రైవేటుపరం చేసినా దీనిని విడువలేదు. ఊరిలో నీరు, కరెంటు, ఇల్లు కంపెనీవే. 1960లో ప్రారంభమైన రాయ్ గ్లోవర్ ఆసుపత్రి ఆ కాలంలో ఖండమంతటికీ పేరెన్నిక గన్నది. ప్లాసా, సినిమాశాల, క్రీడా సంఘాలు, బ్యాండు, పాఠశాలల కవాతులు. సమీపంలోని కలామాలో 1977లో పుట్టిన కోబ్రెలోవా ఫుట్‌బాల్ జట్టు నాలుగేండ్లలోనే ఖండస్థాయి పోటీలో ఫైనలు చేరినది. జట్టు పేరులోనే రాగి ఉన్నది, ఆ నేలను తడిపే లోవా నది ఉన్నది.

కాని ఊరు గనికి మరీ దగ్గర. స్మెల్టరు పొగలోని గంధక వాయువు, ఆర్సెనిక్ ధూళి ఇండ్లపై పడేవి. పర్యావరణ నియమాలు కఠినమైనవి. తవ్విన వ్యర్థ శిలలు పోయడానికి చోటు కావలసినది. ఊరు ఖాళీ చేయవలెనని నిర్ణయించారు. సుమారు 15 కిలోమీటర్ల దూరాన ఉన్న కలామాలో కోడెల్కో కొత్త కాలనీలు కట్టించినది. ఇండ్లు ఉద్యోగుల సొంతమయ్యే ఏర్పాటు చేసినది. 2007 సెప్టెంబరు 1న వీడ్కోలు ఉత్సవం జరిగినది. మరుసటి ఏడు మొదట్లో చివరి కుటుంబం కూడా వెళ్ళిపోయినది.

లెక్క ప్రకారం ఇందులో లోపమేమీ లేదు. ఉద్యోగం పోలేదు, సొంత ఇల్లు వచ్చినది, గాలి మెరుగైనది. లోటా వారికి దక్కనిదంతా వీరికి దక్కినది. అయినను కలామా చేరిన వారు చెప్పినది మరొకటి. పాత ఊరిలో తలుపులకు తాళం వేయలేదు, పిల్లలు చీకటిపడే వరకు వీధిలోనే ఉన్నారు, ప్రక్కింటివారు పేరుపెట్టి పిలిచేవారు. కొత్త కాలనీలో ఇంటికి గోడ వచ్చినది, గేటు వచ్చినది, కరెంటు బిల్లు వచ్చినది. ప్రక్కింట ఉన్నది పాత పొరుగువారు కారు. ఒకే వీధివారిని ఒకే చోట చేర్చడం ఇంజనీర్ల ప్రణాళికలో పెద్ద ఖర్చుతో కూడిన పని కాకపోవచ్చును. కాని ఇండ్లను లెక్కపెట్టినంత శ్రద్ధతో ఇరుగుపొరుగును లెక్కపెట్టడం ఏ ప్రణాళికలోనూ మామూలు కాదు.

ఆ పేరుగన్న ఆసుపత్రి వ్యర్థ శిలల గుట్ట క్రింద సమాధి అయినది. నేడు కలామాలో నడివయస్సులో ఉన్నవారిలో ఎందరో పుట్టినది అక్కడే. వారు పుట్టిన గదిని చూపించడం ఇక ఎవరికీ సాధ్యం కాదు. అయినా ప్రతి ఏటా మే నెలలో ఊరి పుట్టినరోజుకు పాత నివాసులు చుకికమాటా చేరుతారు. మూసిన ఇంటి ముందు నిలబడి పిల్లలకు చూపుతారు, ప్లాసాలో బ్యాండు వాయిస్తారు, సాయంత్రం తిరిగి వస్తారు. గని మాత్రం ఆగలేదు. 2019 ఆగస్టులో ఆ పెద్ద గొయ్యి క్రింద భూగర్భ గని ప్రారంభమైనది.

మనకు సంబంధించిన మాట

ఈ నాలుగు రకాల ఊళ్ళను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. కంపెనీ ఇచ్చినవి ఎంత గొప్పవైనా కంపెనీతోనే పోయినవి, లేదా ప్రదర్శనశాలలైనవి. ఈతకొలను, నాటకశాల, ఆసుపత్రి అన్నీ అంతే. జనం తమంతట తాము, ఎవరి ఉత్తరువు లేకుండా ఏర్పరచుకున్నవి ఊరు మారినా వెంట వచ్చినవి. నృత్య బృందం, ఉమ్మడి పొయ్యి రొట్టె, ఫుట్‌బాల్ అభిమానం, నవంబరు నాటి తగరపు పూలు అటువంటివి. దీని అర్థం సౌకర్యాలు వ్యర్థమని కాదు. ఈతకొలనులో ఆడుకున్న బాల్యమే తరువాత స్నేహమైనది. కాని కొలను కట్టడం సంస్థ వంతు, స్నేహం మన వంతు.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. మన పొరుగునే కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. మూడు కిలోమీటర్లకు పైగా లోతున పనిచేసిన ప్రభుత్వరంగ గని అది. తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు తరతరాలుగా ఒకే లైన్లలో కలసి బ్రతికిన ఊరు. నేటికీ అక్కడి జనంలో చాలామంది తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగి వస్తున్నారు. పని ఊరు విడిచినా వారు ఊరిని విడువలేదు.

మన సంగతికి వస్తే, సంస్థ చల్లగా నడుస్తున్నా ప్రతి ఉద్యోగికి ఒక రోజు క్వార్టరు తాళపుచెవి అప్పగించవలసి వస్తుంది. మూడు దశాబ్దాలుగా ఇక్కడ ఉంటున్న మాకు కూడా ఆ రోజు ఎంతో దూరంలో లేదు. ఆనాటికి సొంత ఇంటి ఏర్పాటు ఎంత అవసరమో ఈ పత్రికలో అనుభవజ్ఞులు పలుమార్లు వ్రాశారు. చుకికమాటా వారి అనుభవం దానికి మరొక మాట చేర్చుచున్నది. పదవీ విరమణ చేసిన తరువాత ఎక్కడ ఉంటాము అనే ప్రశ్నతోపాటు, ఎవరితో ఉంటాము అనే ప్రశ్నను కూడా ముందే వేసికొనుట మంచిది. ఇద్దరు ముగ్గురు మిత్రులు కలసి ఒకే పేటలో స్థలం చూచుకొంటే, రేపు ఆసుపత్రికి తోడు వెదకనక్కరలేదు.

మరొక చిన్న పని కూడా ఉన్నది. హంబర్‌స్టోన్‌లో ఎవరెవరు ఏ ఇంట ఉన్నారో తెలిసినది కార్మికుల కుటుంబాలు దాచుకున్న ఫోటోల వలన, బిళ్ళల వలన, చేతివ్రాతల వలన. మన టౌన్‌షిప్ తొలి రోజుల ఫోటోలు ఎందరి ఇండ్లలోనో ట్రంకుపెట్టెలలో ఉన్నవి. అందులోని మనుష్యుల పేర్లు చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. పాఠకులు ఈ ఆదివారం ఒక గంట వెచ్చించి, ఆ ఫోటోల వెనుక పేర్లు, సంవత్సరం, వీధి వ్రాసి ఉంచవలెనని మా మనవి. వాటి నకళ్ళను పత్రికా కార్యాలయానికి అందజేస్తే వీలువెంబడి ప్రచురించగలము.